ప్రయాణపు ప్రార్థన

సుగుణా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. నీ జ్ఞాపకార్థ కూడిక వచ్చే వారానికి వాయిదా వేశాం. ఈ ఉదయం నీ కూతురు ప్రసన్న కాకినాడ ఆసుపత్రికి వెళ్లింది.

దానికి ఐదో నెల. స్కానింగులో బిడ్డ గుండెకి లోపం ఉందన్నారు, బుద్ధి కూడా ఎదగకపోవచ్చన్నారు. తీయించెయ్యడానికే ఈ ప్రయాణం. నిన్న అల్లుడుగారితో మాట్లాడాను.

"చట్టం ఒప్పుకుంటుందండీ, పెద్దత్తయ్యగారూ. డాక్టర్లే చెప్పేరు."

"ఒప్పుకుంటుంది బాబూ. ఇచ్చిన దేవుడు ఒప్పుకుంటాడా?"

"రేపు ఆ బిడ్డని మొయ్యాల్సింది మేమండీ, ఆయన కాదు."

"నేను మోస్తాను. కని నాకిచ్చెయ్యండి."

"మీరు కుర్చీలోంచి లేవాలంటేనే ఒకరు చెయ్యి పట్టుకోవాలి కదండీ" అని నవ్వారు. ప్రసన్న ఆసుపత్రి కాగితాలు సంచీలో సర్దుకుంటోంది.

మన ఇళ్లలో ప్రార్థన లేకుండా ఎవరూ ప్రయాణం కట్టరు కదా. ఈ ఉదయం ముసురులో కారు వచ్చి ఆగగానే అల్లుడుగారు నన్నే పిలిచారు. "దారంతా నీళ్లండీ. ఓ మాట ప్రార్థన చెయ్యండి, బయల్దేరతాం."

నేను ప్రసన్న తల మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, వీళ్లిద్దరినీ, కడుపులో ఉన్న బిడ్డనీ క్షేమంగా తిరిగి ఇంటికి చేర్చు."

అల్లుడుగారు అలవాటుగా ఆమెన్ అన్నారు.

నీ కూతురు అనలేదు.

అక్క