మనిషికొక గాజు గ్లాసు

మార్తక్కా,

నువ్వు పోయి ఏడాది నిండింది. నిన్న పెనుకొండ గుడిలో ప్రభు భోజనానికి, ద్రాక్షరసంతో చేతులు మారుతూ వచ్చే ఆ వెండి గిన్నె రాలేదు. మనిషికొక గాజు గ్లాసు వచ్చింది. యేసు శిష్యులంతా ఒక్క గిన్నెలోనే తాగారని, ఊరవతల పేటవాళ్లకూ అదే గిన్నె అందాలని, మా రెడ్లతో ఎంత పోట్లాడి సాధించావు!

"ఎంగిలితో రోగాలొస్తాయవ్వా" అన్నాడు కొత్త పాస్టరు.

"ఇన్నేండ్లు యాడుండె అయ్యగారూ ఆ రోగం? పేటోళ్లు మా పక్కన మోకరించినాకనే వచ్చెనా?" అన్నాను.

"కమిటీ తీర్మానమవ్వా."

కమిటీ అంటే మా మరిదే. రోగమూ ఆయనదే.

ఇంకేం చేయను? నా గ్లాసు నేనూ తాగాను. పక్కన మోకరించిన పేట రూతమ్మ తనది తాగి, చెంగుతో అంచు తుడిచి, అలవాటుగా నాకు అందించింది. రెండు చేతులా తీసుకున్నాను. అందులో చుక్క లేదు.