ఖాజా చదవని వరుస

మంగళవారం, రాత్రి. ప్రొద్దుటూరు.

పెద్దవాళ్ల పనిలో తప్పు వెతకమంటే మనలో ఎంతమంది వెతుకుతారు? ఏళ్లుగా నన్ను తొలిచే ప్రశ్న ఇది.

మా ఆసుపత్రి సర్వర్లను కనిపెట్టుకుని ఉండే సిస్టంలో ఏ మార్పయినా ఇంకొకరు చదివి ఆమోదిస్తేనే దానంతటదే అన్ని ఊళ్ల బ్రాంచీలకూ వెళ్తుంది. ఆ నియమం పెట్టింది నేనే. నిన్న నేను రాసిన మార్పును జమ్మలమడుగు బ్రాంచి నుంచి ఖాజా చదవకుండానే ఆమోదించాడు. "నువ్వు రాసినాక నేను చూసేదేముందక్కా!" అని ఫోన్లో నవ్వాడు. ఆ మార్పులో ఒక వరుస తప్పుగా ఉంది. సర్వర్ ఆగితే మాకు రావాల్సిన జమ్మలమడుగు హెచ్చరికలన్నీ మూగబోయాయి.

ఈ ఉదయం అక్కడి సర్వర్ ఆగిపోతే ఎవరికీ తెలియలేదు. రక్తపరీక్ష రిపోర్టు రాక ఒక గర్భిణి ఆపరేషన్ ఆలస్యమైంది. "కంప్యూటరోడు యాడుండాడ్రా?" అంటూ ఆమె మనుషులు గదిలోకి జొరబడ్డారు. ఇనుప కుర్చీతో ఖాజా తల పగలగొట్టారు. కింద పడ్డాక కూడా కడుపులో తన్నారట. నేను వెళ్లేసరికి కీబోర్డు మీద రక్తం ఇంకా ఆరలేదు.

తల్లీబిడ్డా క్షేమమే. కుట్లు పడిన తలతో ఖాజా నన్నే ఓదార్చాడు. "ఎవరికీ నీ పేరు చెప్పలేదులే అక్కా. నేను చదివింటే ఇంత అయ్యేది కాదు గదా."

సిస్టం రికార్డులో కనిపించేది రాసినవాళ్ల పేరు కాదు, ఆమోదించినవాడి పేరే. అతన్ని రేపే తీసేస్తామని మేనేజరు అంటున్నాడు. నిజం చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్తానో లేదో, ఇది రాస్తూ కూడా తేల్చుకోలేకపోతున్నాను.