బావి మీది కంప

కర్దనూర్, జూన్ 3

ప్రియమైన మీకు,
ఫోన్‌లో తోట మాటెత్తితే సిగ్నల్ లేదంటారు. అందుకే రాస్తున్నాను. నాలుగేళ్ల తర్వాత నిన్న, బావి ఎండాక వదిలేసిన మన జామతోటకు పోయాను. ముళ్లకంప నా తల దాటి పెరిగింది. కానీ పక్కనున్న బాలరాజ్ పొలం వైపు నుంచి ఎవరో మనిషి పట్టేంత దారి కొట్టారు. లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు. బాలరాజ్ చేతులనిండా ముళ్ల గీతలు. అడిగితే, "నాకేం ఎర్కలేదు వదినా" అని తల దించుకున్నాడు. జాగా కాజేసే ఎత్తేమో! కూలీలను పెట్టి మొత్తం కొట్టించనా?
మీ సుశీల

దహేజ్ (గుజరాత్), జూన్ 11

ప్రియమైన సుశీలకు,
కూలీలు వద్దు. పాములుంటాయి. బాలరాజ్‌ను గట్టు దాటనీయకు, వాడి మీద నాకూ అనుమానమే. ముఖ్యంగా బావి మీద కప్పిన కంప ఎవరూ కదపకూడదు. దసరాకు వచ్చి నేనే చూసుకుంటాను. ఊళ్లో ఎవరితోనూ అనకు.
నీ సోమేశ్వర్

కర్దనూర్, జూన్ 18

ప్రియమైన మీకు,
మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బావి మీద కంప కప్పి ఉందని నేను రాయలేదు. నాకే తెలియదు. పాముల్ని చేత్తో పట్టి అవతల పారేసే మనిషి మీరు. ఇన్నాళ్లూ బాలరాజ్‌ను అనుమానించాను. ఇప్పుడు ఎవరిని అనుమానించాలో మీరే చెప్పండి. జవాబు రాకపోతే కొడవలి పట్టుకుని నేనే పోతాను.
మీ సుశీల

దహేజ్, జూన్ 26

సుశీలా,
నువ్వు చూసేలోపు నేనే చెప్పాలి. అప్పట్లో మా కెమికల్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ నన్ను పర్మనెంట్ చేయిస్తానన్నాడు. "ఒక్క ట్యాంకర్ ఫ్యాక్టరీ నీళ్లే సోమేశ్వర్, ఎండిన బాయే గదా" అన్నాడు. నువ్వు హత్నూరలో మీ అమ్మ దగ్గరున్న ఆదివారం గేటు తీశాను. ఒకటి కాదు, నాలుగొచ్చి బావిలో పోసిపోయాయి. మర్నాటికి బావి చుట్టూ గడ్డి మాడిపోయింది. కంప నరికి కప్పేశాను. ఆ ఉద్యోగం చేయలేక, నీ ముఖం చూడలేక ఇంత దూరం వచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదనుకుంటూ బతుకుతున్నాను. కాలేదు కదా?
సోమేశ్వర్

కర్దనూర్, జూలై 4

అయింది. రెండేళ్లుగా బాలరాజ్ బోరులో నీళ్లు పసుపుపచ్చగా, ఘాటు వాసనతో వస్తున్నాయి. వాళ్లమ్మ సోమమ్మకు చేతులు, కాళ్లు పుండ్లు పడ్డాయి. ఆ వాసన ఎటునుంచో వెతుకుతూ అతను కంప కొట్టాడు. బావి చూశాక నాకెలా చెప్పాలో తెలియక తల దించుకున్నాడు.
మీ ఉత్తరం సోమమ్మకు చదివి వినిపించాను. కలెక్టరేట్‌కు దరఖాస్తు రాసి, మీ ఉత్తరం జతచేశాం. ఇచ్చి వద్దామని లేస్తే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
"జెర ఆగుండ్రి. ఆయన్ని రానియ్యుండ్రి. ఆయన చేతులతోనే ఇయ్యనియ్యుండ్రి."
పదిహేనో తారీఖు దాకా ఆగుతాం.
సుశీల