కొసరు లేని సబ్బు

మానుకోట,
13-2-1978

అమ్మకు రాజేశం దండాలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కన్నే, కని ఆ మాట లేకుంటే నీకు ఉత్తరం మొదలైనట్టు ఉండదు గద. అక్కడ నువ్వు, బాపు, చెల్లె శశికళ మంచిగుండాలె. మోకాలు నొప్పికి దవాఖానకు పోత అన్నవ్, పోయినవో లేదో రాయలే. పోకుంటే ముందు పో.

నీ ఉత్తరం బుధవారం అందింది. నువ్వు అడిగినవన్నిటికి జవాబు రాస్త. ఉగాదికి ఇంటికొచ్చి దుకాణంల కూసుంటనా లేదా అని బాపు అడగమన్నడు గద, అదొక్కటి ఆఖరుకు రాస్త.

మొదలు తొక్కు సంగతి. లారీ డ్రైవర్ తోటి నువ్వు పంపిన మామిడి తొక్కు డబ్బా మూత గూడ తియ్యకుంట వాపసు పంపిన. నువ్వు ఏడ్చినవని శశికళ కింద చిన్నక్షరాలతోటి రాసింది. అమ్మా, నీ మీద కోపంతోటి పంపలే. దసరా నాడు బాపుకు నాకు లడాయి అయినప్పుడు నువ్వు తలుపు కాడనే ఉన్నవ్. "లారీ ఆఫీసుల ఒకని కింద చాకిరి చేసుడు స్వతంత్రమారా? ఉగాది దాక ఇంటి నుంచి గింజ తీసుకోకుంట సొంత పని మీద బతికి చూపియ్యి. లేకుంటే వచ్చి దుకాణంల గల్ల పెట్టె కాడ కూసో" అన్నడు బాపు. "గింజ గాదు, గడ్డిపోచ గూడ తీసుకోను" అన్నది నేను. బాపు గింజ దగ్గరనే ఆపిండు, గడ్డిపోచ దాక పోయింది నేనే. గంత మాట అన్నంక తొక్కు ఎట్ల తింట? డబ్బా ఒక్క రాత్రి నా రూముల ఉన్నది. మూత సందుల నుంచి మెంతుల వాసన. తెల్లారి ఆ లారీ వాపసు పోయేదాక నాకు నిమ్మలం లేదు.

ఆఫీసు పని ఎట్లున్నదన్నవ్. మిర్చి కాలం కదా, పొద్దున షట్టర్ ఎత్తేసరికే బస్తాల బండ్లు రోడ్డు మీద వరస కట్టి ఉంటయ్. నిలబడే బిల్టీ రశీదులు రాస్తున్న. పొద్దుగూకేసరికి కండ్లల్ల, ముక్కుల, ఆఖరుకు తినే బువ్వల గూడ మిర్చి ఘాటే. మా మేనేజరు జగపతి నన్ను పేరు పెట్టి పిలువడు, "నాయకా" అంటడు. అరవై తొమ్మిదిల బడులు బందైనప్పుడు జనగామ స్టేషన్ కాడ పంచిన కరపత్రాలతోటే నా చదువు సాగిందని ఎవడో ఆయనకు చెప్పిండు. అబద్ధం గూడ కాదు.

జగపతితోటి లడాయి ఎందుకైందని అడిగినవ్ గద, ఆదివారం సెలవు కోసమే అయింది.

"నాయకా, ఆదివారం లారీలకు సెలవున్నదా?" అన్నడు.

"లారీలకు లేదు సార్. మనుషులకున్నది."

"ఏం చేస్తవ్ సెలవు తీసుకొని?"

"సబ్బులు అమ్ముకుంట."

ఆఫీసంత నవ్వింది. "నువ్వు కార్మికునివా, షావుకారివా? ముందు తేల్చుకొని రా, అప్పుడు సెలవిస్త" అన్నడు. నేను కలం టేబుల్ మీద కొట్టిన, పాళి వంగింది. పని వాళ్ళను యంత్రాల లెక్క వాడుకుంటే ఏమైతదో చెప్పిన. చానసేపు చెప్పిన. ఆయన విని విని, "మిగిలిన దినాలు గంట ముందొచ్చి షట్టర్ నువ్వే ఎత్తాలె, పో" అన్నడు. గట్ల దొరికింది సెలవు. కొత్త పాళి నా పైసలతోటే కొన్న.

సబ్బులెందుకురా, వేరే పనే దొరకలేదా అన్నవ్. నా పెట్టెల రెండు చిన్న పుస్తకాలున్నయ్. ఒకటి శ్రమ గురించి. ఇంకోటి ఇంట్లనే సబ్బులు చేసుకునే విధానం. రెండు కలిపి చదివితే నాకొక దారి కనబడ్డది. ఒకని దగ్గర చాకిరి చెయ్యద్దు, ఒకనితోటి చేయించుకోవద్దు, సొంత చేతులతోటి వస్తువు తయారు చేసి అమ్ముకోవాలె. ఇప్ప నూనె గంగారం దిక్కు నుంచి మా ఆఫీసు లారీలల్లనే వస్తది, కొనుక్కుంట. ఇంటి ఓనరు రాజమణి అవ్వ వెనుక వాకిట్ల జాగ ఇచ్చింది. మొదటిసారి చేసింది గట్టిపడనే లేదు, అంబలి లెక్క ఉన్నది. అవ్వ దాన్ని పారేయనియ్యలే, దానితోటి బర్రెను కడిగింది. ఇప్పటికీ నూనెల కాస్టిక్ సోడా కలిపినప్పుడల్ల లొల్లి పెడ్తది. "నీ కంపుకు నా బర్రె పాలు చేపుతలేదు బిడ్డా, రేపటి సంది పాలు నువ్వే ఇయ్యి" అంటది.

చేతుల సంగతి శశికళ అడిగింది. సోడా నీళ్ళు తగిలి రెండు వేళ్ళకు తోలు లేచింది, ఇప్పుడు మానింది. శనివారం శనివారం మా గల్లీ భజనల తబలా వాయించుడు మాత్రం ఆపలే, కొన్ని వారాలు అరచేతి తోటే సర్దుకున్న. దేవుడు లేడనేటోనికి భజన ఎందుకని ఎక్కిరించింది గద, తబలాకు తాళంతోటే పని, దేవునితోటి కాదని చెప్పు. దానికి పైస రాదు, రావద్దు గూడ. అన్నీ పైస కోసమే చేస్తే బాపుకు నాకు తేడా ఏమున్నది అనుకునేటోన్ని. ఈ మాట బాపుకు చదవకు.

ఇగ అంగడి. ఆదివారం పొద్దున బస్సు మీద రెండు గోనె సంచులు ఎక్కించి పెద్దవంగరకు పోత. సంచి మీదనే సబ్బు కడ్డీలు పరిచి, ఎవరికి ఎంత కావాలంటే అంత తీగతోటి కోసి తూకమేసి ఇస్త. ముందట ఒక అట్ట మీద ఎర్ర రంగుతోటి రాసి పెట్టిన: "సరైన తూకం. ఒకటే ధర. కొసరు లేదు."

కొసరు మీద నా కోపం నీకు తెలిసిందే. కొన్న తర్వాత ఇంకింత పెట్టు అని చెయ్యి చాపుడు, షావుకారి దయతల్చి ఒక పలుకు రాల్చుడు, ఇది కొనేటోన్ని అడుక్కునేటోని చేస్తదని నేను బాపుతోటి ఎన్నిసార్లు వాదించిన! ధర న్యాయంగ ఉంటే దయ ఎందుకు? ఇప్పటికీ ఆ వాదనల తప్పేమున్నదో నాకు కనబడలే.

కని సబ్బు అమ్ముడుపోలే. నా పక్క వరుసలనే ఒకడు కారపు సబ్బు అమ్ముతడు. చేతులు మండుతయ్, తూకం తక్కువ. అందరికీ తెలుసు. అయినా జనమంత వాని దగ్గరనే. తండా నుంచి వచ్చే కమ్లీ అనే ఆమె మొదటి వారం నా దగ్గరికి వచ్చింది. నేను ముల్లు నిలబడేదాక చూసి, ఎక్కువైన చిన్న ముక్క కోసి పక్కకు పెట్టిన.

"ఏం సేటు, బంగారం తూస్తున్నవా?" అన్నది.

"నేను సేటును కాను."

"మరి దుకాణం పెట్టినవ్ గద."

"ఇది దుకాణం కాదు. నా చేతులతోటి చేసుకున్న ఉత్పత్తి."

"ఉత్పత్తి కొసరు పెట్టదా?"

నేను అట్ట చూపించి, చదివి, అర్థం గూడ చెప్పిన. ఆమె అంత విన్నది. "మంచిగ చెప్తున్నవ్" అని, పక్కోని దగ్గరికి పోయి కొనుక్కున్నది. తర్వాత వారాలల్ల గూడ నన్ను చూసి "ఉత్పత్తీ, మంచిగున్నవా?" అని పలకరించుకుంట పోయేది. సాయంత్రం బస్సుల కండక్టరు సంచులు లేపి చూసి, "పొద్దున ఎంత బరువో ఇప్పుడు గూడ గంతే. సబ్బులకు ఊరు చూపిస్తున్నవా అన్నా?" అనేటోడు. ఆ దినాలల్ల నేను నీకు రాసిన ఉత్తరాలన్నిట్ల "వ్యాపారం బాగనే ఉన్నది" అని ఉంటది. అవి నమ్మకు. రూము కిరాయి, తిండి అంత ఆఫీసు జీతం మీదనే ఎల్లింది. షరతు ప్రకారం ఓడిపోయేటోన్నే. ఉగాదికి గల్ల కాడ కూసుండాలె అనుకుంటే రాత్రి మెతుకు దిగకపోయేది.

పోయిన నెల ఒక ఆదివారం పక్కోడు అంగడికి రాలే. గతి లేక కమ్లీ నా దగ్గరికొచ్చింది. కడ్డీ కోసి తూకమేసిన. ముల్లు నిలబడ్డది. తీగ కాడ సన్నటి పెచ్చు ఒకటి లేచి ఉన్నది. అసొంటివన్ని ఏరి మళ్ళ కరగబెట్టుకుంట నేను. ఆనాడు ఏమైందో, నా చెయ్యి ఆ పెచ్చును తీసి ఆమె సబ్బు మీద పెట్టింది. ఆమె అడగలే. నేను ఆమె మొఖం గూడ చూడలే, తల అటు తిప్పుకొని "ఇది చేతికి" అన్న.

కమ్లీ నవ్వింది. వాళ్ళ మాటల ఏదో కేకేసింది. తండా ఆడోళ్ళంత వచ్చి నా ముందట కూసున్నరు. పొద్దు నడినెత్తికి రాకముందే రెండు సంచులు ఖాళీ. పక్క వారం వాడొచ్చినా, వాళ్ళు నా దగ్గరికే వచ్చిండ్రు.

అట్ట మీది మూడో మాట చెరిపేసిన. ఇప్పుడు నాలుగు వారాల సంది కిరాయి, తిండి అంత సబ్బు మీదనే. ఆఫీసు జీతం ముట్టుకుంటలేను. ఉగాది తర్వాత కొలువు మానేస్తనని జగపతికి గూడ చెప్పిన. "కొసరు పెట్టుడు మొదలైంది, నీ మాటలెక్కడ పోయినయ్ నాయకా?" అని ఎక్కిరించి నవ్వలే ఆయన ఈసారి, నా జాగల వేరే మనిషిని చూసుకుంటున్నడు.

ఇగ ఇక్కడి నుంచి బాపుకు చదువు. పక్క అర్రల కూసోని వింటలేనట్టు వింటుంటడు, నాకు తెలుసు.

బాపూ, బెల్లం తూకమేసినంక నువ్వు ఒక పలుకు విరిచి పైన పెట్టి, మొఖం చూడకుంట తల అటు తిప్పుకొని "ఇది నోటికి" అంటవు. ఎందుకు తల తిప్పుతవో నాకు చిన్నప్పటి సంది అర్థం కాలే, కొనేటోన్ని లెక్కచెయ్యక తిప్పుతవనుకున్న. పెట్టేటోడు చూస్తే తీసుకునేటోనికి అది బిచ్చమైతదని ఆనాడు అంగట్ల నా తల దానంతట అది తిరిగితే తెలిసింది. ఆ చెయ్యి నాది కాదు. ఆ మాట నాది కాదు. ఏ కరపత్రంల లేదు, సబ్బుల పుస్తకంల లేదు. నేను ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

గడ్డిపోచ గూడ తీసుకోను అన్న. తీసుకున్న. తొక్కు వాపసు పంపిననని మీసం మెలేసుకుంట తిరిగినోన్ని, దీన్ని వాపసు పంపుదామంటే ఎట్ల పంపాల్నో తెలుస్తలేదు. అది లేకుంటే నా సబ్బు అమ్ముడుపోయేది కాదు, నేను గెలిచేటోన్ని కాదు. దాచిపెట్టి గెలిచిన అనుకునుడు నాతోని కాదు. అందుకే రాస్తున్న. నీ షరతు ప్రకారం ఇది లెక్కకొస్తదా రాదా నువ్వే చెప్పాలె. వస్తదంటే ఉగాది నాటికి వస్త, వచ్చి గల్ల కాడ కూసుంట, నోరెత్తను. నాకు ఇష్టం లేదు, కని వస్త.

నువ్వు నాకు ఉత్తరం రాయవు, ఎన్నడు రాయలే. రాయకు. లెక్కకు రాదనుకుంటే ఆ తొక్కు డబ్బా నీ చేతితోటి మూట కట్టి లారీల పంపు. అమ్మ కట్టిన ముడి నేను గుర్తుపడ్త, నీ ముడి గూడ గుర్తుపడ్త. డబ్బా నిండ లేకపోయినా పరవాలేదు. కొసరంత పెట్టినా చాలు.

అమ్మా, అది చదివేటప్పుడు బాపు మొఖం చూడకు. నువ్వు గూడ తల అటు తిప్పుకో.

ఇట్లు,
గడ్డిపోచ దాక పోయిన నీ కొడుకు
రాజేశం