టోపీ తియ్యమన్నావు కదా

సియోల్ నగరం,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకి నాగదుర్గ నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటున్నానని రాయాలి గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అబ్బులు బాబాయి పడవ మళ్ళీ దింపుతున్నాడనీ, నాన్న కూడా వెళ్తానని కూర్చున్నాడనీ రాశావు. "నీ తలనీలాలు అంతర్వేది స్వామికి ఇచ్చేదాకా సముద్రంలో కాలు పెట్టడానికి వీల్లేదని చెప్పేను. ఎన్నాళ్ళు వింటాడో తెలీదు" అన్నావు. అక్కడే ఆగిపోయాను. ఆ తర్వాత రాసినవి రెండోసారి చదివితే గానీ బుర్రకెక్కలేదు.

నాతో పాటు ఇక్కడికి శిక్షణకి వచ్చిన మా రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబు పెద్దాయన రాజేంద్రప్రసాద్‌గారు ఆ పని ముగించుకుని ఎల్లుండి బయల్దేరుతున్నారు. కాట్రేనికోన వచ్చి ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తానని మాటిచ్చారు. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పలేకే రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. తిండికి లోటు లేదు. చేపల పులుసని ఒకటి పెడతారు, చూడ్డానికి ఎర్రగా ఉంటుంది, పులుపు మాత్రం ఉండదు. నువ్విచ్చిన చింతకాయ పచ్చడి మొన్నటితో అయిపోయింది. సగం మిన్‌జీయే తినేసింది. మిన్‌జీ అంటే ఇక్కడి ల్యాబులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఈ ఊరి పిల్ల, నాకంటే ఏడాది చిన్న. కారం తిని ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ చెయ్యి చాపుతుంది.

"అక్కడ ఆడపిల్లలు గడ్డకట్టే చలిలో కూడా పొట్టి గౌన్లేనంట, మగపిల్లలు లిప్‌స్టిక్ రాసుకుంటారంట, వీరాయమ్మ ఫోన్‌లో చూపించింది, నిజమేనా" అని అడిగావు. రెండూ నిజమే. ఆదివారాలు మిన్‌జీ నన్ను హోంగ్‌డే అనే పేటకి తీసుకెళ్తుంది. కాలేజీ పిల్లలంతా అక్కడే ఉంటారు. నడిరోడ్డు మీద పాటలు పెట్టుకుని డాన్స్ చేస్తారు, చుట్టూ జనం గుండ్రంగా నిలబడి చూస్తారు, ఒక్కడూ ఈల వెయ్యడు. ప్రేమించుకున్నవాళ్ళు ఇద్దరూ ఒకే రంగు, ఒకే రకం స్వెట్టర్ వేసుకుని తిరుగుతారు, స్కూలు యూనిఫాం లాగా. మగపిల్లల చెవులకి పోగులు, మొహానికి పౌడరు. చూడగా చూడగా అలవాటైపోయింది. మన కుర్రాళ్ళ మీసాల కంటే ఏమంత వింతగానూ లేదు.

ఒకరోజు రైల్లో ఒక పిల్ల నుదుటి మీద జుట్టుకి ఉంగరాలు తిరగడానికి చుట్టుకునే గొట్టం అలాగే పెట్టుకుని కూర్చుంది. పక్కన నీ వయసావిడ ఉంది. తిరిగి కూడా చూడలేదు. మన బస్సులో అలా ఎక్కితే ముమ్మిడివరం రాకుండానే ఇంటికి కబురు చేరిపోతుంది. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, ఎందుకో తెలీదు. దిగాక అర్థమైంది, అది కోపం కాదు, కుళ్ళు.

అలాగని ఇక్కడంతా ఎవరిష్టం వాళ్ళదే అనుకోకు. చలికి పిల్లలందరూ మోకాళ్ళ కింది దాకా ఒకే నల్లకోటు వేస్తారు. అందరికీ ఒకేసారి అదే ఇష్టం ఎలా పుట్టిందని మిన్‌జీని ఆటపట్టిస్తే, "మీ ఊళ్ళో అందరికీ ఒకే జడ కదా" అంది.

ఇక మూడో ప్రశ్న. "వీడియోలో టోపీ ఎందుకు తియ్యవు, గదిలో కూడా చలేనా? అంబాజీపేట నూనె రాస్తన్నావా లేదా?" అన్నావు. నూనె సీసా మూత తియ్యలేదమ్మా. గదిలో చలి లేదు. మూడు వారాలుగా నీకు అబద్ధం చెప్తున్నాను.

నేను జుట్టు కత్తిరించేసుకున్నాను.

అరవకు. పూర్తిగా చదువు. హోంగ్‌డేలో ఒక చిన్న సెలూన్. అద్దంలోంచి రంగురంగుల తలలు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కళ్ళూ ఫోన్‌లో బొమ్మ చూపించి ఇలా కావాలి, అలా వద్దు అంటున్నారు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ఎలాగూ పోయేదే కదా, ఈ నెల రోజులైనా నాకు నచ్చినట్టు ఉంటే ఏం పోయింది అనిపించింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాను. నీలం జుట్టు పిల్ల ఒకత్తి వచ్చి నా జడ చేత్తో పట్టుకుని బరువు చూసింది. మిన్‌జీ చేత నన్ను మూడుసార్లు అడిగించింది, నిజంగానే కొయ్యమంటావా అని. మూడుసార్లూ అవునన్నాను. కత్తెర చప్పుడు వినగానే నాన్న గుర్తొచ్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. దేవుడి సొమ్ము ముట్టుకున్నానని భయం. ఇప్పుడు నీ ఉత్తరం. ఈలోగా నాన్న వెళ్ళి ఏదైనా జరిగితే నా వల్లే అంటావు. నువ్వు అనకపోయినా నేను అనుకుంటాను, బతికినంత కాలం.

అందుకే కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. నాన్నని ఆపు. కానీ నా జుట్టు అడ్డం పెట్టి ఆపకు. నవంబరులో ఆగిపోయి నాన్నని మూడు రోజులు సముద్రంలో వదిలేసింది ఆ ఇంజనే కదా. పాత సామానే మళ్ళీ బిగించారని నువ్వే రాశావు. ఇంజను చూపించి ఆపు. మంచి మెకానిక్‌ని పిలిచి విప్పిస్తే గానీ కదలనివ్వనని పడవకి అడ్డంగా కూర్చో. నా మాటగా కూడా చెప్పు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు, సెలూన్ సంగతితో సహా.

కవరుతో పాటు ఒక పొట్లం ఉంటుంది. నీలం జుట్టు పిల్ల కొయ్యబోయేముందు పైనా కిందా రబ్బరు బ్యాండు వేసి, ఒక్క వెంట్రుక కింద పడకుండా నా చేతిలో పెట్టింది. నువ్వు శుక్రవారం శుక్రవారం మూర వేసి కొలిచే జడే అది. స్వామి పటం దగ్గర పెట్టు. నా తల మీద మిగిలింది నాలుగు వేళ్ళ జుట్టు.

ఇంకొక్క మాట. ఆ మూడు రోజులూ ఒడ్డున నీ పక్కన నేనూ నిలబడ్డాను. నువ్వు ఇసుకలో కూలబడి, నా తల మీద చెయ్యి పెట్టి, "నా పిల్ల జుట్టు ఇచ్చేస్తాను సామీ" అని అరిచావు. నా వైపు చూడలేదు. నాన్న తిరిగొచ్చాడన్న ఆనందంలో ఆ సంగతి నేనూ పట్టించుకోలేదు. ఇక్కడ ముక్కూ మొహం తెలియని పిల్ల మూడుసార్లు అడిగేసరికి, ఇంట్లో ఒక్కసారైనా అడగలేదే అని ఏడుపొచ్చింది. కత్తెరకి కాదు, దానికి ఏడ్చాను.

వచ్చే శనివారం కాక పై శనివారం దిగుతాను. టోపీ లేకుండానే దిగుతాను. చూసి తిట్టు, కావాలంటే రెండు వెయ్యి. అంతా అయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగు, "దుర్గా, మీ నాన్న కోసం నీ జుట్టు స్వామికిస్తావా" అని.

ఆయ్ అంటాను.

ఇట్లు,
నీ కూతురు
నాగదుర్గ