బటన్ చుట్టూ నీలం గీత

జూన్ 3, సోమవారం

ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల కొత్త స్క్రీన్ ఉదయం పదింటికి లైవ్ అయింది. ఒక్క ఎర్రర్ రాలేదు. మా టీమ్ లీడ్ నా డెస్క్ దగ్గరికి వచ్చి మరీ బాగుందన్నాడు. ఆయన నోట ఆ మాట రావడమంటే మాటలు కాదు.

నా పద్ధతి ఆఫీసులో అందరికీ నవ్వులాట. ముందు పెన్సిలుతో కాగితం మీద గీస్తాను. తర్వాత రంగుల్లేకుండా ఉత్త గడులు, అక్షరాలు కోడ్ చేస్తాను. అలా ఉన్నప్పుడే అర్థమైతే ఇక రంగుల జోలికి వెళ్తాను. ఈసారి అంతా అయ్యాక డిజైనర్ ఒకటి పట్టుకున్నాడు. బటన్ చుట్టూ బ్రౌజర్ వేసే నీలం గీత చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు ఉందట, తీసేయమన్నాడు. నాకూ నచ్చలేదు. ఒక్క లైను రాసి తీసేశాను. ఇప్పుడు స్క్రీన్ అద్దంలా ఉంది.

జూన్ 6, గురువారం

ఆసుపత్రి మేనేజర్ నుంచి మెయిల్. అందరి పనీ వేగం అందుకుందట, ఒక్క ఫోన్ ఆపరేటర్‌ది తప్ప. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. ఈ మూడు రోజుల్లో ఇద్దరు పేషెంట్లను వేరే డాక్టర్ దగ్గరికి పంపిందట. సోమవారం నుంచి ఆమెను ఫోన్ దగ్గర నుంచి తీసి బేస్‌మెంట్‌లో పాత ఫైళ్ల గదికి వేస్తున్నారు.

పెద్దవాళ్లకు కొత్తవి ఓ పట్టాన తలకెక్కవులే అన్నాను మీటింగులో. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 7

అన్నం తింటుంటే ఆ ఇద్దరు పేషెంట్లు గుర్తొచ్చారు. రేపు వెళ్లి చూస్తాను.

జూన్ 8, శనివారం

ఆసుపత్రికి వెళ్లి ఆపరేటర్ పక్కనే స్టూలు వేసుకుని గంటసేపు కూర్చున్నాను.

ఆమె మౌస్ ముట్టుకోదు. కుడి బొటనవేలు బిగుసుకుపోయి రెండేళ్లయిందట. ఎవరికీ చెప్పలేదట. ఎడమ చేత్తో రిసీవర్, కుడి చేత్తో ట్యాబ్ కీ. ఒకసారి నొక్కితే ఒక గడి దాటుతుంది. ఇప్పుడు ఏ గడిలో ఉన్నామో చెప్పేది ఆ నీలం గీత ఒక్కటే. నేను తీసేసింది దాన్నే.

గీత లేదు కాబట్టి ఎన్నిసార్లు నొక్కిందో లెక్కపెట్టుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. ఆరోసారికి కళ్ల డాక్టర్, ఏడోసారికి చెవి డాక్టర్. మధ్యలో అవతలివాళ్లు ఏదో అడుగుతారు, లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆమె కళ్లకు గంతలు కట్టి పనిచేయమన్నది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "స్క్రీన్ చాలా బాగుందమ్మా. నాకే చేతకావడం లేదు. ఏమీ అనుకోకు."



జూన్ 9, ఆదివారం

మౌస్ తీసి వదినకు ఇచ్చాను, అడిగినా ఇవ్వొద్దని చెప్పి. ట్యాబ్ కీ ఒక్కదానితో నా స్క్రీన్ నేనే వాడి చూశాను. పది నిమిషాల్లో ఏడుపొచ్చింది. తేదీల క్యాలెండర్‌లోకి వెళ్తే బయటికొచ్చే దారే లేదు. గీత తిరిగి పెట్టడం నిమిషం పని. క్యాలెండర్ బాగయ్యేసరికి సాయంత్రమైంది. వదిన మూడుసార్లు టీ ఇచ్చింది. మౌస్ మాత్రం ఇవ్వలేదు.

వదినే లేకపోతే నాకు ఈ ఉద్యోగం ఎక్కడిది. ఏడేళ్లు ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేశాను. ఓనర్‌ని బాబాయ్ అని పిలిచేదాన్ని. ప్రెస్ మూసేస్తున్నానని చెప్పిన రోజే ఆయన నన్ను వెంటబెట్టుకెళ్లి వెబ్ కోర్సులో చేర్పించాడు. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. పాపనూ పాలసీసానూ వదిన చేతిలో పెట్టి క్లాసుకు పరిగెత్తేదాన్ని. తర్వాత పదకొండు ఇంటర్వ్యూలు. డిగ్రీ లేదన్నారు. ముప్పై దాటాయన్నారు. ఈ వయసులో కొత్తవి తలకెక్కవన్నారు. పన్నెండో ఇంటర్వ్యూ మా లీడ్‌ది. ఆయన సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టి, నేను చేసిన పేజీ తెరిచి చూశాడు.

నన్ను అన్న మాటే నేను ఆమెను అన్నాను.

జూన్ 10, సోమవారం, ఉదయం 11

లీడ్‌కు అంతా చెప్పి, దిద్దిన స్క్రీన్ లైవ్ చేశాను. తప్పు ఆపరేటర్‌ది కాదు, నాది, ఫలానా లైను అని మేనేజర్‌కు మెయిల్ రాశాను. పంపే ముందు లీడ్ చదివాడు. ఆ కోడ్ చూసి సరేనన్నది తానే కదా అంటూ కింద తన పేరూ చేర్చాడు. డిజైనర్ మూతి ముడుచుకుని వెళ్లిపోయాడు. అరగంటకు తనే వచ్చి, గీత ఇంకాస్త మందంగా ఉంటే మంచిదేమో అన్నాడు. వీళ్లు చల్లగా ఉండాలి.

సాయంత్రం 4

మేనేజర్ జవాబిచ్చాడు. ఆర్డర్ అయిపోయిందట. ఆమె పొద్దున్నే ఫైళ్ల గదికి వెళ్లిపోయిందట. ఫోన్ చేసి బతిమాలాను. రేపు ఒక్క గంట ఆమెను ఫోన్ దగ్గర కూర్చోబెట్టి చూస్తానన్నాడు, అంతే.

జూన్ 11, మంగళవారం

మేనేజర్ ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. మొదటి కాల్‌కు ఆమె అలవాటుగా లెక్కపెడుతూనే ఉంది. రెండో కాల్ మధ్యలో పెదవులు ఆగిపోయాయి. గీతను చూసింది. ఆ తర్వాత ఆమె వేళ్లను నా కళ్లు అందుకోలేకపోయాయి. గంటలో పంతొమ్మిది కాల్స్, ఒక్క తప్పు లేదు. ఒక పెద్దాయనకు వినపడక అడిగిందే అడుగుతుంటే నాలుగుసార్లు చెప్పింది. విసుక్కోలేదు.

గంట కాగానే మేనేజర్ వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆర్డర్ రద్దయిందని మెయిల్ వచ్చింది. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. చేసిన తప్పు దిద్దుకోవడానికి నాకు వారం టైము దొరికింది. ఎంతమందికి దొరుకుతుంది.

జూన్ 12

ఇకమీదట ఏ స్క్రీనైనా ఒక పూట మౌస్ లేకుండా వాడాకే లైవ్ చేయాలని లీడ్ రూలు పెట్టాడు. దానికి నా పేరు పెడతానన్నాడు. వద్దు మహాప్రభో అని దండం పెట్టాను.

జూన్ 20

ఆపరేటర్ ఫోన్ చేసింది. డాక్టర్ల పేర్లు మరీ చిన్న అక్షరాల్లో ఉన్నాయట. లోపం తన కళ్లలో లేదట, నా పనిలోనే ఉందట. రేపటికల్లా పెద్దవి చేయమని చెప్పి టక్కున పెట్టేసింది.

ఇంత మంచి ఫోన్ నాకెప్పుడూ రాలేదు.