చెల్లి పంపిన ఉదాహరణలు

ప్రియమైన చిట్టీ,

ఎలా ఉన్నావే? ఇక్కడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టీ పెట్టీ నా చేతులు నిద్రలో కూడా ఊరుకోవడం లేదు. నిన్న త్వరగా వెళ్దామని సూపర్‌వైజరమ్మని "కెన్ ఐ గో?" అన్నాను. "వెళ్ళగలవు, కాళ్ళున్నాయిగా! పర్మిషన్‌కి 'మే ఐ' అనాలి" అని అందరి ముందూ నవ్వింది. తల కొట్టేసినట్టయిందనుకో. బళ్ళో ఇంగ్లీషు చెప్పినదానివి, ఆ రెండిటికీ తేడా ఏంటో ఉదాహరణలతో రాయి. నీ పెళ్ళయ్యాక నాకు పాఠాలే లేవు.

నీ మొద్దు అక్క

ముద్దుల అక్కకి,

నువ్వేం మొద్దువి కాదు. కెన్ అంటే చేతనవడం, మే అంటే ఎదుటివాళ్ళ ఒప్పుకోలు. మామూలుగా అందరూ కెన్‌తోనే అడిగేస్తారు, తప్పు లేదు. పెద్దవాళ్ళ దగ్గర మే మర్యాద. "మే ఐ ఓపెన్ ద విండో?" అంటే కిటికీ తీయవచ్చా అని. మా అక్కకి ఫోన్ చేయవచ్చా? కిందికెళ్ళి కూరలు తెచ్చుకోవచ్చా? ఇవన్నీ మేతోనే. కెన్‌కి ఎంత ఆలోచించినా ఒక్కటీ తోచలేదు. ఈ ఉత్తరం ఎదురింటావిడ చేత పోస్టు చేయిస్తున్నాను. మీ మరిదిగారు వచ్చే వేళయింది.

నీ చిట్టి

నా చిట్టితల్లీ,

సూపర్‌వైజరమ్మ దగ్గర పరువు దక్కింది గానీ, నీ ఉదాహరణలు చదివాక అన్నం సయించడం లేదు. గదినిండా పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టినదానివి, కిటికీ తీయడానికి అడగడమేంటే? ఒళ్ళు మండిపోతోంది నాకు. నిన్ను లోపల పెట్టి తాళం వేస్తున్నాడా? నిజం చెప్పు. నా గదిలో రెండో మంచం వేయించాను. ఊఁ అను చాలు, వచ్చి తీసుకుపోతాను.

అక్క

చిట్టీ,

నెల దాటింది. పలకవేమే? భయంగా ఉంది.

అక్క

ప్రియమైన అక్కా,

పాత బడి హాస్టల్ గదిలోంచి రాస్తున్నాను. హెడ్‌మిస్ట్రెస్ గారు మళ్ళీ ఉద్యోగం ఇచ్చారు. మొన్న పట్టపగలు, మీ మరిది కుర్చీలో కూర్చుని చూస్తుండగానే సంచీ పట్టుకుని లేచాను. "ఎవర్నడిగి?" అన్నాడు. తలుపు తీసుకుని మెట్లు దిగాను. ఆదివారం నీ దగ్గరికి వస్తాను.

తాళం వేస్తున్నాడా అని అడిగావు కదా. లేదక్కా, ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా వేయలేదు. రోడ్డు మీదికొచ్చాక అది గుర్తొచ్చి, నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

నీ చిట్టి